జీబ్రానో పొరను కాపాడుకోవడం: ఒక పాత మెర్సిడెస్ లోపలి చెక్కపని మీద కేస్ స్టడీ

ఇక్కడ వివరించే పని 1996 నాటి మెర్సిడెస్ ఈ 220 కారు లోపలి చెక్క పలకలకు సంబంధించినది. 1984 చివర్లో జర్మనీలో వెలువడిన డబ్ల్యూ 124 శ్రేణి కార్లను ఆ కంపెనీ 1995 నుంచి టెల్కో (నేటి టాటా మోటార్స్) భాగస్వామ్యంతో పూణెలో తయారుచేసింది. ఈ బండి ఆ తొలి రోజులది. హైదరాబాద్‌లో చేతులు మారి, ప్రస్తుతం పరకాల వైపు రైస్ మిల్లు నడిపే ఒక కుటుంబం దగ్గర ఉంది. ఇంజను పని, బాడీ రంగు, సీట్ల తోలు అన్నీ అయ్యాక, గేరు లివరు చుట్టూ ఉండే చెక్క పలక, యాష్‌ట్రే మూత, దాని చుట్టూ ఉండే చట్రం, ఈ మూడూ వరంగల్‌లోని మా పాలిష్ షెడ్డుకు వచ్చాయి. “అన్నా, షోరూంల నుంచి తీసినట్టు మెరవాలె, గంతే” అన్నది యజమాని కోరిక. చెక్క డిజైను స్టిక్కర్ అతికిస్తే ఒక్క పూటలో పని తెమిలిపోతుందని ఆయనకు అప్పటికే ఎవరో చెప్పి ఉన్నారు. విదేశాల నుంచి మరో సెట్టు తెప్పించుకునే దారి కూడా ఉంది గానీ, పాత బండ్ల నుంచి విప్పిన పలకలకూ ఇవే జబ్బులు ఉంటాయి. మూడో దారిగా, ఉన్న చెక్కనే నిలబెట్టడానికి ఆయన ఒప్పుకున్నారు.

వచ్చినప్పటి స్థితి

ఈ కారులో వాడిన చెక్క జీబ్రానో. కామెరూన్, గాబన్ వంటి దేశాల అడవుల్లో పెరిగే ఈ చెట్టు కలపను ఒక పద్ధతి ప్రకారం కోస్తే లేత బంగారు రంగు నేల మీద ముదురు గోధుమ చారలు నిలువుగా, దగ్గర దగ్గరగా వస్తాయి. కారులో ఉండేది దాని నిండు చెక్క కాదు. ఒత్తి అతికించిన ఆధార పలక మీద సుమారు అర మిల్లీమీటరు మందం వెనీర్ పొర, అంటే పలచగా కోసిన జీబ్రానో చెక్క, ఆ పొర మీద దానికంటే దళసరిగా గాజులా కనిపించే పారదర్శక పూత. చూసేవారి కంటికి పడే మెరుపంతా ఆ పూతదే. ఈ తేడాను మొదటే మనసులో పెట్టుకోకపోతే తరవాత చేసే ప్రతి పనీ దారి తప్పుతుంది.

పలకల మీద చారల వెంబడే సన్నని నెర్రెలు పొడవునా పాకి ఉన్నాయి. గేరు పలక ముందు భాగంలో అరచేయంత మేర తెల్లగా పొగబట్టినట్టు కనిపించింది. కిటికీ స్విచ్చులు కూర్చునే రంధ్రాల అంచుల దగ్గర వెనీర్ లేచి, ఒకచోట గోరంత ముక్క రాలిపోయింది; దాని పక్కనే నల్లటి మరక ఉంది. యాష్‌ట్రే మూత మాత్రం మెరుపు తగ్గడం మినహా బాగానే ఉంది.

నెర్రెలు చారల దిక్కునే ఎందుకు నడుస్తాయో కాస్త వివరంగా చెప్పుకోవాలి. తేమ పెరిగితే చెక్క నారకు అడ్డంగా ఉబ్బుతుంది, తేమ తగ్గితే అడ్డంగానే కుదించుకుంటుంది. నార పొడవునా దాదాపు కదలదు. మన దగ్గర జూలై, ఆగస్టు నెలల తేమకూ ఏప్రిల్, మే నెలల వడగాలికీ మధ్య ఈ కదలిక ప్రతి ఏడూ జరుగుతూనే ఉంటుంది. పూత కొత్తగా ఉన్నంతకాలం చెక్కతోపాటు సాగి సర్దుకుంటుంది. ఏళ్ల తరబడి అద్దం గుండా పడే ఎండకు అది పెళుసుబారాక సాగలేదు, కాబట్టి చెక్క అడ్డంగా కదిలిన ప్రతిసారీ నార వెంబడి చీలుతుంది. చీలిన చోట పూత చెక్కను వదిలి కొద్దిగా పైకి లేస్తుంది, ఆ సందులోకి గాలి చేరుతుంది. తెల్లగా కనిపించేది ఆ గాలి పొర మీద చెదిరే వెలుతురే తప్ప రంగు పోయిన చెక్క కాదు. దీన్ని తేల్చుకోవడానికి తేలికైన పరీక్ష ఒకటి ఉంది: తెల్లబారిన చోట నెర్రె మీద ఒక చుక్క టర్పెంటైన్ వేస్తే అది సందులోకి ఇంకి, కొద్ది క్షణాలు ఆ తెలుపు మాయమై, కింద చెక్క అసలు రంగు బయటపడుతుంది. యజమాని సమక్షంలో ఈ పరీక్ష చేశాం. కింద చారలు పదిలంగా ఉండడం చూశాక స్టిక్కర్ మాట మళ్లీ రాలేదు.

పూత తీయడం

విప్పడం గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. బ్యాటరీ తీగ తీసి, స్విచ్చుల కనెక్టర్లకు గుర్తులు పెట్టుకొని, ఎండలో కాసేపు ఉంచి ప్లాస్టిక్ మెత్తబడ్డాక పనిచేస్తే పాతికేళ్లు దాటిన క్లిప్పులు కూడా విరగవు. పలకలను స్క్రూడ్రైవరుతో ఎగదోయకూడదు. వెనీర్ అంచులు చాలావరకు అలాగే చితుకుతాయి.

గీకడానికి ముందు కడగడం ముఖ్యం. డాష్‌బోర్డు మెరవడానికి వాడే పాలిష్‌లలో సిలికాన్ ఉంటుంది. అది నెర్రెల గుండా చెక్కలోకి దిగి ఉంటే, తరవాత కొట్టే కొత్త పూత అక్కడక్కడా గుండ్రటి గుంటలుగా విచ్చుకుంటుంది. మన పెయింటర్లు దీన్నే ఫిష్ ఐ అంటారు. అందుకే కార్ల పెయింటు దుకాణాల్లో దొరికే జిడ్డు తీసే ద్రావకంతో, ప్రతి తుడుపుకూ కొత్త గుడ్డ తీసుకుంటూ మూడు పలకలనూ శుభ్రం చేశాం. జిడ్డు పోకముందే గీకడం మొదలుపెడితే సిలికాన్‌ను చెక్కలోకి మనమే రుద్దినట్టు అవుతుంది.

పూత ఏ జాతిదో తెలుసుకోవడానికి థిన్నర్ తడిపిన దూదిని ఒక మూల కాసేపు ఉంచాం. లక్క పాలిష్ అయితే స్పిరిట్‌కు, పాతకాలపు నైట్రోసెల్యులోజ్ లాకర్ అయితే థిన్నర్‌కు మెత్తబడి చేతికి అంటుతుంది. ఇది చెక్కుచెదరలేదు, అంటే గట్టిపరచే రసాయనం కలిపి వేసిన రెండు భాగాల పూత. ఇలాంటి వాటిని పెయింట్ రిమూవర్ కరిగించలేదు, ఉబ్బించి మాత్రమే వదులు చేస్తుంది. ఆ ద్రవం నెర్రెల గుండా దిగి వెనీర్ కింది జిగురును కూడా తాకుతుంది, పైగా చివర్లో నీటితో కడగాల్సి వస్తుంది. ఇంటి తలుపుల మీద అది చక్కగా పనిచేస్తుంది గానీ అర మిల్లీమీటరు పొర మీద నేను దాన్ని వాడను.

వేడిగాలి గన్‌ను తక్కువ మీద పెట్టి, ఒక్కచోట ఆపకుండా తిప్పుతూ, పూత కాస్త మెత్తబడగానే పదునైన రేకుతో వాలుగా గీకుతూ వచ్చాం. ముందుగా యాష్‌ట్రే మూత లోపలి అంచు మీద పరీక్షించి, ఎంత దూరం నుంచి ఎంతసేపు వేడి చూపితే పూత లొంగుతుందో చూసుకున్నాం. వేడి మోతాదు మించితే పూతకంటే ముందు కింది జిగురు వదులుతుంది, వెనీర్ బుడగలా లేస్తుంది. మా వడ్రంగుల్లో పాతవారు గాజు పెంకుతో గీకడంలో చేయి తిరిగినవారు; చదునైన చోట దానికి మించిన పనిముట్టు లేదు. అయితే పలక వంపు దగ్గర గాజు మూల గాటు పెడుతుంది కాబట్టి అక్కడ గుండ్రని అంచున్న రేకునే వాడాం.

నెర్రెలున్న చోట పూత పెచ్చులుగా ఊడివచ్చింది. నీడలో ఉండి చెడకుండా మిగిలిన చోట మాత్రం చెక్కను గట్టిగా పట్టుకొని ఉంది. అక్కడ చివరి సన్నని పొరను వేడితో కాకుండా, కార్క్ దిమ్మెకు చుట్టిన 240 నంబరు, తరవాత 320 నంబరు గరుకు కాగితంతో చేత్తోనే రుద్దాం. మిషన్ పెట్టలేదు. రుద్దేటప్పుడు చూడాల్సింది పొడి రంగును. పూత పొడి తెల్లగా ఉంటుంది. అందులో గోధుమ రంగు ఛాయ కనిపించిన క్షణమే చేయి ఆపాలి. పలక అంచుల మీద చేయి తెలియకుండానే ఎక్కువ నొక్కుతుంది కాబట్టి, అంచులకు టేపు వేసి మధ్య భాగమంతా పూర్తయ్యాక వాటిని విడిగా చూసుకున్నాం. ఈ దశలో తొందరపడితే వెనీర్ అరిగి ఆధార పలక బయటపడుతుంది. ఇక అప్పుడు పునరుద్ధరణ అనే మాటే ఉండదు, కొత్త పొర అతికించుకోవాల్సిందే.

లేచిన పొర, నల్ల మరక

వెనీర్ లేచిన చోట ఏ జిగురు పెట్టాలన్నది కారు కాబట్టి ఇంటి ఫర్నిచర్‌కు భిన్నంగా ఆలోచించాలి. మే నెలలో వరంగల్‌లో ఎండలో నిలిపిన కారు అద్దాలు మూసి ఉంటే, ఎండ నేరుగా తగిలే భాగాల వేడి 70 డిగ్రీలు దాటడం సాధారణం. వడ్రంగులు రోజూ వాడే తెల్ల జిగురు ఆ వేడికి మెత్తబడి జారుతుంది. సీటు పనివారు వాడే రబ్బరు సొల్యూషన్ ఇంకా త్వరగా లొంగుతుంది. పైగా మీద కొట్టే పూతలోని థిన్నర్ పొర గుండా దిగి దాన్ని మళ్లీ కరిగిస్తుంది. అందుకని నెమ్మదిగా గట్టిపడే రెండు గొట్టాల ఎపాక్సీని తీసుకున్నాం. నిమిషాల్లో పట్టేసే రకం వద్దు. అది సందుల చివరిదాకా పారకముందే బిగుస్తుంది, వేడిని తట్టుకోవడంలోనూ వెనకబడే ఉంటుంది.

లేచిన పొర కిందికి ఏళ్ల తరబడి చాయ, కూల్‌డ్రింకు, దుమ్ము చేరి గట్టిపడి ఉన్నాయి. వాటిని తీయకుండా జిగురు పెడితే అది మురికిని పట్టుకుంటుంది గానీ చెక్కను పట్టుకోదు. మడిచిన సన్నని వాటర్ పేపరును సందులో ఆడించి, స్పిరిట్ తడిపిన బ్రష్షుతో శుభ్రం చేసి, మెడికల్ షాపులో దొరికే సిరంజీతో కాస్త వెచ్చచేసిన ఎపాక్సీని లోపలికి పంపాం. పలక వంపు తిరిగి ఉంది కాబట్టి చదును దిమ్మెతో బిగిస్తే ఒత్తిడి సమానంగా పడదు. ఇసుక నింపిన గుడ్డసంచీని వేడిచేసి, మధ్యలో పాలిథీన్ కాగితం వేసి పెట్టి, దాని మీద క్లాంపు బిగించాం. ఇసుక వంపును అనుసరించి సర్దుకుంటుంది, దాని వెచ్చదనానికి ఎపాక్సీ పలచబడి అంచులదాకా పారుతుంది. బయటకు పొంగిన జిగురును తడి ఆరకముందే స్పిరిట్‌తో తుడిచేయాలి. మిగిలిపోతే ఆ చోట రంగు పట్టదు.

రాలిపోయిన ముక్కకు అతుకు దొరకడం అన్నిటికంటే కష్టమైంది. ప్లైవుడ్ దుకాణాల్లో జీబ్రానో పేరుతో అమ్మే షీట్లలో చాలావరకు అసలు జీబ్రానో కావు; తెల్లటి మెత్తకలప పొరలకు రంగులు వేసి, అతికించి, మళ్లీ కోసి చారలు తెప్పించిన తయారీ వెనీర్లు. గోడ ప్యానెళ్లకు అవి బాగానే ఉంటాయి. కారు పలకలో అసలు చెక్క పక్కన పెడితే చారలు స్కేలుతో గీసినట్టు మరీ సమానంగా ఉండి, పెద్ద రంధ్రాల జాడ లేక, నకిలీ అని వెంటనే తెలిసిపోతుంది. హైదరాబాద్‌లో వెనీర్ వ్యాపారి దగ్గర మిగులు ముక్కల్లో వెతికి సహజమైన జీబ్రానో ముక్క తెచ్చాం. అతుకును చదరంగా కోయలేదు. నారకు అడ్డంగా ఉండే గీత ఎంత సన్నగా ఉన్నా కంటికి తగులుతుంది కాబట్టి, రెండు కొసలూ చారల వెంబడి సన్నబడే పడవ ఆకారంలో, కొత్త ముక్కను పాతదాని మీద పెట్టి రెండింటినీ ఒకే కోతలో కోశాం.

నల్ల మరక తడివల్ల వచ్చిందే అయినా, నలుపుకు కారణం ఇనుము. క్లిప్పు తుప్పు నీటిలో కరిగి చెక్కలో సహజంగా ఉండే టానిన్ అనే వగరు పదార్థంతో కలిస్తే సిరాలాంటి నలుపు పుడుతుంది. ఎంత రుద్దినా అది పోదు, పోయేలోపు పొర పోతుంది. మొజాయిక్, మార్బుల్ నేలలు పాలిష్ చేసేవారు వాడే ఆక్జాలిక్ ఆమ్లం ఈ మరకకు సరైన మందు. గోరువెచ్చని నీటిలో కలిపి, తడి పారకుండా సన్నని బ్రష్షుతో మరక మీద మాత్రమే పూసి, తేలాక పిండిన గుడ్డతో మళ్లీ మళ్లీ తుడిచాం. అది విషపదార్థం, ఎండిన స్ఫటికాలు మిగిలితే తరవాత రుద్దేటప్పుడు దుమ్మై ముక్కులోకి పోతాయి. అందుకే తుడవడంలో బద్ధకించకూడదు. మరక పూర్తిగా పోలేదు, ముదురు చారల్లో కలిసిపోయేంత మేర తేలింది. అంతకు మించి బ్లీచ్ చేస్తే చుట్టూ ఉన్న నేల రంగు పాలిపోయేది.

రంగు

పూత పోయాక మూడు పలకలూ మూడు ఛాయల్లో కనిపించాయి. ఎండ తగిలిన గేరు పలకలో చారలు వెలిసి, నేల పసుపెక్కి, రెండింటి మధ్య తేడా తగ్గింది. స్విచ్చుల చుట్టూ ఉండే చట్రం కింద దాగి ఉన్న సన్నని అంచు మాత్రం ఫ్యాక్టరీ నాటి రంగును అలాగే నిలుపుకుంది. ఆ అంచునే మేము ప్రమాణంగా తీసుకున్నాం, ఫోటోలను నమ్ముకోలేదు.

పిగ్మెంట్ (కరగని రంగు పొడి) ఉన్న స్టెయిన్ వాడితే అది రంధ్రాల్లో దిగబడి చారల పదును మందగిస్తుంది. ద్రావకంలో పూర్తిగా కరిగే డై రంగులే జీబ్రానోకు తగినవి. వాటిలోనూ ఎండకు నిలిచే మెటల్ కాంప్లెక్స్ రకాన్ని ఎంచుకున్నాం. రంగును నేరుగా చెక్కకు పట్టించకుండా, ముందు సీలర్‌ను, అంటే చెక్క రంధ్రాలను మూసే అడుగు పూతను, ఒక పలచని కోటుగా వేసి, దాని మీద బాగా పలచన చేసిన రంగును కొద్దికొద్దిగా స్ప్రే చేస్తూ ఛాయ కలిపాం. నచ్చకపోతే తుడిచేసుకునే వీలు అలా చేస్తేనే ఉంటుంది. అతుకు ముక్క మీద చారలను పాత చారలతో కలపడానికి సన్నని కుంచె కావాలి. నిర్మల్ బొమ్మల పనిలో ఆరితేరిన ఒక చిత్రకారుణ్ణి ఇందుకు పిలిపించుకున్నాం. పొణికి కర్ర బొమ్మల మీద వెంట్రుక మందం గీతలు గీసే చేయి అది. ఆయన చారను ఏకరేఖగా గీయలేదు. రంధ్రాలను పోలిన చిన్న చిన్న గీతల వరుసగా వేశారు. దూరం నుంచి చూస్తే అదే చారై నిలిచింది. పాలిష్ పనివారమైన మాకు ఈ విద్య రాదని చెప్పుకోవడానికి సిగ్గుపడాల్సిందేమీ లేదు.

ఏ పూత?

మన దగ్గర ఫర్నిచర్‌కు వాడే పూతలను వరుసగా పరిశీలించాం. లక్క పాలిష్ అందానికి సాటి లేదు గానీ కారు వేడికి మెత్తబడుతుంది, చేతి శానిటైజర్ చుక్క పడితే మచ్చ పడుతుంది. నైట్రోసెల్యులోజ్ పసుపెక్కి పగులుతుంది. మెలమైన్ గట్టిదే, కానీ గాజులాంటి నునుపు కోసం దళసరిగా వేస్తే అదే నెర్రెలు తిరిగి వస్తాయి. మిగిలినది రెండు భాగాల పాలీయురెథేన్, అంటే అందరూ పీయూ అని పిలిచేది. ఇందులో ఒక తిరకాసు ఉంది. ఇంటి లోపలి చెక్కపనికి అమ్మే పీయూలలో చాలావాటి హార్డెనర్ (గట్టిపరచే రసాయనం) ఆరొమాటిక్ జాతిది, అది ఎండకు పసుపెక్కుతుంది. అలిఫాటిక్ హార్డెనర్ ఉన్నది పసుపెక్కదు. కార్ల బాడీ మీద కొట్టే అక్రిలిక్ క్లియర్ కోటు ఈ రెండో జాతిదే, పైగా అతినీలలోహిత కిరణాలను అడ్డే పదార్థం కూడా అందులో ఉంటుంది. అందువల్ల ఫర్నిచర్ దుకాణం మాని ఆటోనగర్ పెయింటు దుకాణం నుంచే పైపూత తెచ్చాం.

జీబ్రానో రంధ్రాలు పెద్దవి. వాటిని లప్పంతో పూడిస్తే చారలు మసకబారతాయి, కాబట్టి పారదర్శక సీలర్‌నే కోటు మీద కోటు వేసి, ప్రతిసారీ 320, 400 నంబర్లతో తడవకుండా రుద్దుతూ నింపాం. ఇక్కడ ఓపికను మించిన ఉపాయం లేదు. ద్రావకం పూర్తిగా ఆవిరయ్యే కొద్దీ పూత రంధ్రాల్లోకి కుంగుతుంది. ఈ రోజు అద్దంలా ఉన్నది కొన్ని వారాలకు మళ్లీ గుంటలు చూపిస్తుంది. అందుకే సీలర్ తరవాత పలకలను పక్కన పెట్టి, కుంగాల్సినంత కుంగనిచ్చి, మళ్లీ చదును చేసి, ఆపైనే క్లియర్ కొట్టాం. యజమాని నుంచి ఫోన్లు రావడం సహజం. ఆగడానికి కారణాన్ని ముందే చెప్పి ఉంచాలి.

స్ప్రే పనిని వానాకాలం ముగిశాక, దసరా దాటిన పొడి రోజులకు పెట్టుకున్నాం. గాలిలో తేమ ఎక్కువగా ఉంటే హార్డెనర్ పూతలోని రెసిన్‌తో కాకుండా నీటితో చర్య జరిపి కార్బన్ డయాక్సైడ్ బుడగలు పుట్టిస్తుంది, మెరుపు పాలుబారుతుంది. కంప్రెసర్ ట్యాంకులో చేరే నీటిని కూడా ప్రతిరోజూ వదలాలి. మండు వేసవిలో చేయాల్సివస్తే నెమ్మదిగా ఆరే థిన్నర్ వాడకపోతే బిందువులు పలక చేరేలోపే ఎండి నారింజ తొక్కలా గరుకు తేలుతుంది.

ఈ హార్డెనర్లలో ఉండే ఐసోసయనేట్ అనే రసాయనం గురించి ఒక మాట. మా చుట్టుపక్కల షెడ్లలో ముక్కుకు చేతిరుమాలు కట్టుకొని ఈ పూత కొట్టేవారే ఎక్కువ. రుమాలు, దుమ్ము మాస్కు దాన్ని ఆపలేవు. ఒకసారి శరీరానికి అది పడకుండా పోతే, ఆ తరవాత కొద్దిపాటి వాసనకే ఉబ్బసం ఎత్తుకుంటుంది. బయటి నుంచి శుభ్రమైన గాలి అందించే మాస్కు ఉత్తమం. పనికి ధర చెప్పేటప్పుడే దాని ఖర్చు కలుపుకోవాలి.

స్విచ్చుల రంధ్రాల లోపలి అంచులకు టేపు వేసి పూత పేరుకోకుండా చూసుకున్నాం. అక్కడ కాస్త దళసరి పెరిగినా స్విచ్చు బలవంతాన కూర్చుని, తీసేటప్పుడు పూతను పెచ్చుగా లాక్కొస్తుంది. పూర్తిగా గట్టిపడ్డాక 1000 నుంచి 2000 దాకా వాటర్ పేపరుతో తడిపి రుద్ది, కాంపౌండ్‌తో మెరుగుపెట్టాం. అంచుల మీద పూత పలచన కాబట్టి అక్కడ చేత్తో తప్ప బఫింగ్ చక్రం తాకనీయలేదు.

ఎండాకాలం తరవాత

మరుసటి మే నెల దాటాక బండిని మళ్లీ తెప్పించి చూశాం. కొత్త నెర్రెలు లేవు, స్విచ్చుల దగ్గర అతికించిన పొర కదల్లేదు, పసుపు ఛాయ రాలేదు. సిలికాన్ కలిసిన మెరుపు ద్రవాలు వాడవద్దనీ, ఎండలో నిలిపినప్పుడు ముందు అద్దానికి తెర వేయాలనీ చెప్పిన మాటలను ఆ ఇంటివారు పాటించారు. అతుకు మాత్రం పక్క సీటులోంచి ఒక కోణంలో చూస్తే తెలుస్తుంది: రంగు కలిసినా, వేరే చెట్టు నార వెలుతురును వేరే దిక్కుకు తిప్పుతుంది కాబట్టి ఆ చిన్న పడవ ఆకారం ఒక్క క్షణం మెరిసి మాయమవుతుంది. దాన్ని కప్పాలంటే పలక అంతటికీ ముదురు రంగు ఎక్కించాలి, అలా చేస్తే ఇంత కష్టపడి కాపాడుకున్న చారలు మసకబారతాయి. యజమానికి రెండూ చూపించాం, చారలనే ఉంచమన్నారు.